సూది లోపల ఉన్నంతసేపు

సుందరాబాయిని చంపింది డిపార్ట్‌మెంట్.

ఇందులో వాదించడానికేమీ లేదు. ఆమె మెదడులో గడ్డ లేచింది. పూణేలో డాక్టరు తలకు రంధ్రం చేసి సూది దింపాడు. మంచి డాక్టరే. కానీ చెయ్యి మనిషి చెయ్యి. సూది రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. లోపల నెత్తురు కారింది. ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు.

అదే ఊళ్లో, అదే రోజు, ఇంకో బిల్డింగ్‌లో వణకని చెయ్యి ఒకటి ఉంది. ఉక్కు చెయ్యి. కంప్యూటర్ చూపించిన చోటికి సూదిని తీసుకుపోయి అక్కడే నిలబెట్టే రోబో. దాన్ని ఒక్క పూట వాడనివ్వమని ఆమె భర్త అడిగాడు. చీఫ్ ఒప్పుకోలేదు. ప్రాజెక్ట్ టాప్ సీక్రెట్ అన్నాడు.

ఆ భర్త పేరు పోచయ్య. డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్ ప్రకాశ్. ఏడో తరగతి దాకా ఊరి బడి. వేషాలు, తాళాలు, అబద్ధాలు ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ నేర్పింది.

1991 ఆగస్టులో చీఫ్ అతన్ని బొంబాయి ఆఫీసుకు పిలిపించాడు.

"చెయ్యి పోయింది," అన్నాడు చీఫ్.

పోచయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇన్‌సైడ్ జాబ్. విడగొట్టి చద్దర్ల బేళ్లలో పెట్టి లారీ ఎక్కించారు. కంట్రోల్ ఇంజనీర్ పెంటప్ప. షోలాపూర్ వాడు. మీ నేతవాళ్లే."

"ఎందుకు తీసుకుపోయాడు?"

"చెల్లెలి కోసం. విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే పిల్ల. బ్రెయిన్‌లో నీటి గడ్డ. చెయ్యి వాడుకుంటానని అర్జీ పెట్టాడు. రిజెక్ట్ అయింది."

"ఎవరు చేశారు?"

"నేనే." చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "దొంగిలించాక వాడికి సర్జన్ కావాలి, థియేటర్ కావాలి. అవి ఇస్తానని ఫాల్క్ దిగాడు. ఆయుధాల బ్రోకర్. ఏ దేశం వాడో వాడి పాస్‌పోర్టులకే తెలియదు. డీల్ సింపుల్. ఆపరేషన్ కాగానే చెయ్యి ఫాల్క్‌ది."

"బ్రోకర్‌కు ఆపరేషన్ మిషన్ ఎందుకు?"

"సూదిని కదలకుండా పట్టే కంట్రోలర్ మిసైల్‌ని కూడా పట్టగలదు. అది దేశం దాటకూడదు. తేగలిగితే తీసుకురా. లేకపోతే పగలగొట్టు."

"ఆ పిల్ల?"

"నీ ఆర్డర్ చెయ్యి గురించి, ప్రకాశ్."

పోచయ్య లేచి నిలబడ్డాడు. అతను ఆ మనిషిని కొట్టలేదు. కొట్టకపోవడం కూడా డిపార్ట్‌మెంట్ నేర్పినదే.

ఆపరేషన్ అయ్యాక తల ఫొటోలు తీయడానికి ఫాల్క్ ముఠా బొంబాయి నుంచి ఫెర్నాండెస్ అనే ఎక్స్‌రే టెక్నీషియన్‌ని పిలిపించుకుంటోంది. అతన్ని డిపార్ట్‌మెంట్ వాళ్లు దాదర్ స్టేషన్‌లోనే ఎత్తేశారు. అతని బ్యాగ్, అతని మీసకట్టు, మెడలో సిలువ పోచయ్యకు వచ్చాయి. వీటితోపాటు ట్రాన్స్‌మిటర్ ఉన్న వాచీ, మత్తు సూది వదిలే పెన్ను, కెమెరా ఉన్న లైటర్ ఇచ్చారు.

"లోపల మన మనిషి ఒకరున్నారు. ఎవరో నీకు అనవసరం," అన్నాడు చీఫ్.

*

షోలాపూర్ స్టేషన్‌లో దిగగానే పోచయ్యకు ఊరు వింతగా అనిపించింది. చప్పుడు లేదు. మామూలు రోజుల్లో అశోక్ చౌక్ దాటితే సాంచాల మోతకు పక్క మనిషి మాట వినిపించదు. కాళ్ల కింద నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. ఈ రోజు ఆ కరెంటు మగ్గాలన్నీ బంద్. నూలి పున్నమి, నేతవాళ్ల పండుగ. మగాళ్లు కొత్త జంధ్యాలు వేసుకుని వీధుల్లో ఉన్నారు. మార్కండేయుడి రథం గుడి నుంచి బయలుదేరింది. దూరంగా డోళ్లు, ఆడేవాళ్ల చేతుల్లో లెజీమ్‌ల గలగల.

ఫాల్క్ ఈ రోజునే ఎందుకు ఎంచుకున్నాడో అర్థమైంది. నేల అదిరితే సూది అదురుతుంది. వాడకట్టు మొత్తం ఒక్కసారి సాంచాలు ఆపేది ఈ రోజే.

ఫెర్నాండెస్ బ్యాగ్‌లో దొరికిన అడ్రసు, కొంతం చౌక్ వెనక గల్లీలో రేకుల షెడ్డు. తలుపు సందులోంచి ఒక కన్ను.

"చద్దర్లు కావాలి," గుర్తుమాట హిందీలో చెప్పాడు పోచయ్య.

"ఈ రోజు నేత లేదు."

"నేసినవి చాలు."

తలుపు తెరుచుకుంది. వెనకే మూసుకుంది. గడియ పడింది, దాని మీద ఇంకో గడియ పడింది.

లోపల సాంచాలు గుడ్డలు కప్పుకుని వరసగా ఉన్నాయి. ఎదురుగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆకుపచ్చ షిఫాన్ చీర, ఎత్తు మడమల చెప్పులు, తల మీదికి తోసిన నల్ల కళ్లద్దాలు. బీడీ ఆకు వాసన తప్ప ఎరగని ఆ గల్లీలో ఫారిన్ సెంటు. ఆమె పక్కన పొడుగాటి తెల్లవాడు. ఫాల్క్.

"వెల్‌కమ్, మిస్టర్ ఫెర్నాండెస్," అందామె. "నేను మిస్ చంద్రా."

పోచయ్య ఆమె వైపు నడిచాడు. కాలికి ఏదో మెత్తగా తగిలింది. నేల మీద పడి ఉన్న నూలు లడి.

అతని చెయ్యి అతన్ని అడగలేదు. వంగి, లడిని ముట్టుకుని, కళ్లకద్దుకుంది.

పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. నూలుకు కాలు తగిలితే మొక్కాలి. పండుగనాడైతే మరీ. ఇరవై ఏళ్ల ట్రైనింగ్ ఆ ఒక్క క్షణం ఎటు పోయిందో పోయింది.

ఫాల్క్ కనుబొమ్మలు పైకి లేచాయి. "అతనేం చేశాడు?"

చంద్రా పెదవులు విరిచింది. "నూలుకు దండం పెట్టాడు. ఫెర్నాండెస్‌లు పెట్టరు." తర్వాత పోచయ్య ముఖంలోకి చూసి తెలుగులో అంది. "ఏం బావా, సిలువ ఏసుకుంటే సాలోళ్లు కిరస్తానోళ్లు అయితరా? ఏ జిల్లా? కరీంనగరా?"

ఇద్దరు మనుషులు వెనక నుంచి పట్టుకున్నారు. వాచీ పోయింది. పెన్ను పోయింది. లైటర్‌తో ఫాల్క్ సిగరెట్ వెలిగించుకుందామని చూశాడు. అది వెలగలేదు. ఫొటో తీసింది.

"ఇప్పుడు తుపాకీ పేల్చను," అన్నాడు ఫాల్క్ శాంతంగా. "లోపల సున్నితమైన పని జరుగుతోంది. అయిపోయాక చూద్దాం."

*

షెడ్డు చివర ప్లాస్టిక్ తెరలు కట్టిన గది. రేకుల కప్పు కింద సున్నం కొట్టిన దూలాలు. గదిలోంచి బయటికి తీయలేకపోయిన ఒక సాంచా గోడ పక్కన అలాగే ఉంది. నడుమ ఆపరేషన్ బల్ల. పోచయ్య చేతులు కట్టి గోడకు ఆనించి కూర్చోబెట్టారు.

బల్ల మీద ఇరవై ఏళ్ల పిల్ల. గొరిగిన తల. తల చుట్టూ ఇనుప చట్రం, బల్లకు బిగించి ఉంది. ఆ చట్రం పైన ఉక్కు చెయ్యి వంగి నిలబడింది. భుజం, మోచెయ్యి, మణికట్టు. మణికట్టు చివర సూది. సూది సగానికి పైగా కనిపించడం లేదు.

పోచయ్య ముఖం తిప్పుకోబోయాడు. తిప్పుకోవడానికి జాగా లేదు.

మాస్కు వేసుకున్న సర్జన్ సూది పక్కన కూర్చున్నాడు. కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతున్నవాడు పెంటప్ప. మత్తు చర్మానికే ఇచ్చారు. పిల్ల మెలకువగానే ఉంది. ఉండాలి కూడా. మాట తడబడితే సూది తప్పిందని అర్థం.

"బాత్ కర్తే రహో," అన్నాడు సర్జన్.

"మాట్లాడమంటున్నడు, మంగళా," అన్నాడు పెంటప్ప.

"ఎంతసేపు మాట్లాడాలె అన్నా? నోరు ఎండుతుంది. నా జుట్టు మళ్ల వస్తదా?"

"వస్తది."

"రాకుంటే తిరుపతి పోయొచ్చిన్నని చెప్త. పుణ్యమన్న దక్కుతది." ఆమె తల కదలదు. కళ్లకు ఎదురుగా ఉన్నది పోచయ్య ఒక్కడే. "గా కాక ఎవరు?"

"ఎక్స్‌రే ఆయన."

"ఎక్స్‌రే ఆయన చేతులెందుకు కట్టేసిండ్రు?"

పెంటప్ప స్క్రీన్ మీదికి వంగాడు.

"ఏం కాకా, నీక్కూడ సూది పెడ్తరా?"

"పెడ్తరేమో బిడ్డా," అన్నాడు పోచయ్య.

"భయపడకు. నొప్పి లేదు. చీమ నడిచినట్టుంటది గంతే."

సుందరాబాయి కూడా ఆపరేషన్ ముందు అతన్నే భయపడవద్దంది.

సర్జన్ సిరంజి లాగాడు. పసుపుపచ్చటి నీరు వస్తోంది. చుక్కచుక్కగా, నెమ్మదిగా. ఉక్కు చెయ్యి రాయిలా నిలబడి ఉంది.

"కుడి చెయ్యి ఆడించమంటున్నడు," అన్నాడు పెంటప్ప. "బీడీ చుట్టినట్టు చెయ్యి."

మంగళ కుడి చెయ్యి దుప్పటి మీద పడి ఉంది. కొన్ని నెలలుగా పడే ఉంది. వేళ్లు వణికాయి. బొటనవేలు చూపుడువేలు మీదికి వచ్చింది. లేని ఆకును మడిచింది. లేని తంబాకును సర్దింది.

"వస్తుందన్నా!" అంది మంగళ. ఆమె గొంతు మారింది. "అన్నా, వస్తుంది!"

పెంటప్ప స్క్రీన్ వైపు చూస్తూనే ఏడ్చాడు.

ఇంకా సగం నీరు ఉంది. అది పోయాక సూదిని వచ్చిన దారినే వెనక్కి తీయాలి. తొందరపెడితే నరం తెగుతుంది.

డోళ్లు దగ్గరికి వచ్చాయి.

చంద్రా వచ్చి పోచయ్య పక్కన గోడకు ఆనుకుంది. గోళ్లు చూసుకుంటూ, పెదవులు కదలకుండా మాట్లాడింది.

"మీ చీఫ్‌కు చెప్పు, మనిషిని పంపేటప్పుడు నాకో మాట చెప్పమని. నిన్ను పట్టియ్యకుంటే నన్ను నమ్ముతుండెనా వీడు?"

"నువ్వా మన మనిషివి?"

"ఆయన మనిషిని. అసలు పేరు చంద్రభాగ. మా నాయిన ఇదే గల్లీల సాంచా నడిపిండు." ఆమె తెర సందులోంచి బయటికి చూసింది. "ఇంకా జరసేపు ఓపిక పట్టు. రథం కొంతం చౌక్‌ల మలుపు తిరిగేటప్పుడు కరెంటు తీసేస్తరు. తీగెలు తగుల్తయని ప్రతి ఏడాది తీసేదే. లెజీం ఆడేటోళ్లల సగం మంది డిపార్ట్‌మెంటోళ్లు. కరెంటు పోంగనే తలుపులు పగలగొట్టి వస్తరు."

"జనరేటర్ ఉంది కద. బయట చూసిన."

"డీజిల్ లేదు. పొద్దున నేనే పారబోసిన. చీఫ్ ఆర్డర్."

పోచయ్య ఉక్కు చెయ్యి వైపు చూశాడు. "కరెంటు పోతే అది ఏమైతది?"

చంద్రభాగ చూపు కూడా అటే పోయింది. "వాలిపోతదట. మోటర్లకు పట్టు ఉండదు. ఇంకా బ్రేకులు పెట్టలేదట."

"సూది లోపల ఉంది."

"నాకు కనిపిస్తలేదా?"

"చీఫ్‌కు తెలుసా?"

"ఆయనకు తెల్వకుండ ఏమైతది బావా?"

ఇదీ ఉచ్చు. నోరు విప్పితే ఫాల్క్ సంగతి గ్రహిస్తాడు. బయటి వాళ్లు సిద్ధమయ్యేలోపే వెనక తలుపు నుంచి ఉక్కు చెయ్యితో పోతాడు. సూది ఎక్కడుందో వాడికి పట్టదు. నోరు విప్పకపోతే ఆ పిల్ల తలలో సూది పక్కకు పోతుంది. ఆర్డర్ ప్రకారం మౌనంగా ఉండాలి.

మొదటిసారి ఆర్డర్ విన్నాడు. సుందరాబాయి చితికి నిప్పు పెట్టి వచ్చాడు.

"పెంటప్పా," అన్నాడు పోచయ్య తెలుగులో, గొంతు పెంచకుండా. "తమ్మీ, ఇటు చూడకు. చేసే పని ఆపకు. జనరేటర్ల డీజిల్ లేదు. రథం మలుపు దగ్గరికొచ్చింది."

పెంటప్ప వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. అతను ఆ గల్లీలో పుట్టినవాడు. మలుపు దగ్గర ఏమవుతుందో అతనికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"చంపినవ్ అన్నా," అన్నాడు.

"చంపలే. సూది తీయడానికి టైం చాలదా?"

"చాలదు."

"మరి చెయ్యిని కట్టేద్దాం. పైన దూలానికి, పక్కన సాంచాకు. అన్ని దిక్కుల సమానంగా గుంజి కడితే కరెంటు పోయినా ఎటూ వాలదు."

ఫాల్క్ ముందుకొచ్చాడు. చేతిలో పిస్టల్. "ఏం మాట్లాడుతున్నారు?"

పోచయ్య ఇంగ్లిష్‌లో చెప్పాడు. నిజమే చెప్పాడు, సగం. "పండుగకు కరెంటు తీస్తారు. మీ జనరేటర్ ఖాళీ. చెయ్యి వాలి ఇనుప చట్రం మీద పడుతుంది. మణికట్టు విరుగుతుంది. విరిగిన చెయ్యిని కొనేవాడు ఉంటే పర్వాలేదు."

ఫాల్క్ సర్జన్ వైపు చూశాడు. సర్జన్ తల ఊపాడు. ఆ పిల్ల కోసం కాదు, ఆ మణికట్టు కోసం ఫాల్క్ పోచయ్య కట్లు విప్పించాడు.

చద్దరు నూలు మందంగా ఉంటుంది. పేటలు కలిపి పేనితే మనిషిని వేలాడదీయవచ్చు. పోచయ్య పేనుతున్నాడు. రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. పెంటప్ప కంప్యూటర్ వదలకూడదు. అప్పుడు ఆకుపచ్చ చీర కొంగు నడుముకు దోపుకుంది. చంద్రభాగ చెప్పులు విడిచి, కొస అందుకుని, ఎదురు మెలి తిప్పింది. ఎవరూ అడగలేదు. పోచయ్య థ్యాంక్స్ చెప్పలేదు.

"ఏం చేస్తుండ్రు కాకా?" అంది మంగళ.

"మగ్గం ఎక్కిస్తున్నం."

"పండుగనాడా? పాపం తగుల్తది."

"తగలనియ్."

మణికట్టుకొక కట్టు. మోచెయ్యికొక కట్టు. దూలానికి రెండు, సాంచాకు రెండు, కిటికీ ఇనుప కడ్డీకి ఒకటి. ప్రతి తాడునూ పోచయ్య వేలితో మీటి చూశాడు. ఒకటి వదులుగా పలికింది. బిగించాడు. మళ్లీ మీటాడు. సర్జన్ ఊపిరి బిగపట్టి సూదినే చూస్తున్నాడు.

డోళ్లు గోడ అవతలే మోగుతున్నాయి. ఎవరో జై మార్కండేయ అన్నారు. వందల గొంతులు అందుకున్నాయి. రథం మలుపు తిరిగింది.

లైట్లు ఆరిపోయాయి. స్క్రీన్ నల్లబడింది. ఉక్కు చెయ్యి లోపల సన్నగా మూలుగుతున్న చప్పుడు ఆగిపోయింది. భుజం కుంగింది. తాళ్లు కిర్రుమన్నాయి.

సూది కదల్లేదు.

"మాట్లాడు మంగళా," అన్నాడు పెంటప్ప.

జవాబు లేదు.

"మంగళా!"

"ఏంది అన్నా, దేవుని రథం పోతుంటే దండమన్న పెట్టుకోవద్దా?"

గోడ అవతల తలుపుల మీద గుద్దులు మొదలయ్యాయి. ఫాల్క్ మనుషులు అటు పరుగెత్తారు. సర్జన్ తల ఎత్తలేదు. టార్చి వెలుగులో చివరి చుక్క లాగాడు. తర్వాత మణికట్టు పక్కనున్న మరను చేత్తో తిప్పాడు. సూది వెంట్రుకవాసి, వెంట్రుకవాసి పైకి వచ్చింది. మొన బయటపడింది. మొన మీద నెత్తురు లేదు.

ఆ క్షణం వరకు గదిలో అందరూ ఆ సూదికి కట్టుబడి ఉన్నారు. ఇప్పుడు ఎవరూ లేరు.

పెంటప్ప బల్లను గోడ వైపు లాగేశాడు. ఫాల్క్ కత్తెర ఒకటి పోచయ్య చేతిలో పెట్టి, పిస్టల్ అతని మెడకు ఆనించాడు. "తాళ్లు కోయి. చెయ్యి నాకివ్వు. తొందరగా."

అందుకోవడానికి ఫాల్క్ దూలం కింద చెయ్యి చాపి నిలబడ్డాడు. ఎటువైపు తాడు ముందు కోయాలో వాడు చెప్పలేదు. వాడికి తెలియదు.

పోచయ్య సాంచా వైపు తాళ్లు రెండూ ఒక్క కోతలో తెంపాడు.

అటు పట్టు పోయింది. దూలం వైపు బిగువంతా ఒక్కసారిగా లాగింది. ఉక్కు చెయ్యి ఊయలలా లేచి ఫాల్క్ కణతకు తగిలింది. పిస్టల్ రేకుల కప్పుకు చిల్లు వేసింది. చెయ్యి వెనక్కి ఊగి, సాంచా ఇనుము మీద పడి, భుజం దగ్గర రెండు ముక్కలైంది. భుజంలో ఉన్న కంట్రోలర్ పెంకులు పెంకులుగా నేల మీద రాలింది.

అది పగిలినందుకు పోచయ్య బాధపడ్డాడు. ఎంతమంది తలలు కాపాడాల్సిన చెయ్యి అది. ఫాల్క్ తల గురించి బాధపడలేదు.

చంద్రభాగ పిస్టల్ తీసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. సర్జన్ ఇనుప చట్రం విప్పి, మంగళ తలకు కట్టు కట్టి, తర్వాత తనే చేతులెత్తాడు.

"వెనక తలుపు తీసే ఉంది," అన్నాడు పోచయ్య, పెంటప్ప వైపు చూడకుండా. "రథం వెంట విడీ ఘర్కుల్ ఆడోళ్లు చాలామంది ఉన్నరు. వాళ్లల కలిస్తే ఎవడూ పట్టలేడు."

"అన్నా, నీకేమైతది?"

"చల్, పో."

మంగళ అన్న భుజం పట్టుకుని లేచింది. కుడి చేత్తోనే పట్టుకుంది. కొంగు తల మీదికి కప్పుకుని, గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగింది. "కాకా, నీ సూది సంగతి?"

"నాది ఎప్పుడో అయిపోయింది బిడ్డా."

ముందు తలుపు విరిగింది. లెజీమ్‌లు పట్టుకున్న డిపార్ట్‌మెంట్ వాళ్లు, గులాలు పూసుకున్న ముఖాలతో లోపలికి దూకారు. చేయడానికి వాళ్లకు పని మిగల్లేదు.

*

చీఫ్ సంతోషంగా ఉన్నాడు. బొంబాయి ఆఫీసులో టీ కూడా తెప్పించాడు.

"ఫాల్క్ బతికాడు. ఇక కోర్టులు చూసుకుంటాయి. చెయ్యి దేశం దాటలేదు. ఫస్ట్ క్లాస్ ఆపరేషన్. ఒక్కటే మిస్సయింది. పెంటప్ప."

పోచయ్య టీ ముట్టలేదు.

"వాడు ఆ షెడ్డులో ఉన్నాడా? చంద్రభాగను అడిగితే కరెంటు లేదు, చీకట్లో ఎవరినీ చూడలేదంటోంది. సర్జన్ లాయర్ లేకుండా మాట్లాడనంటున్నాడు. నువ్వు చూశానని ఒక్క మాటంటే చాలు. దొంగతనం, దేశద్రోహం. పదేళ్లు లోపలే ఉంటాడు."

చీఫ్ ముందుకు వంగాడు.

"ఆ అమ్మాయి కూడా అక్కడే ఉందా? బతికిందా?"

పోచయ్య టీ కప్పును అవతలికి జరిపాడు.

చీఫ్ గొంతు మెత్తబడింది. "ప్రకాశ్, నీ కోపం నాకు తెలుసు. మీ ఆవిడ విషయంలో రూల్స్ అలా ఉన్నాయి. ఈసారి నీకు మెడల్ రికమెండ్ చేశాను. ఢిల్లీలో ఇస్తారు. జరిగింది జరిగినట్టు కమిటీ ముందు చెప్పాలి, అంతే."

పోచయ్య లేచాడు. కుర్చీని బల్ల కిందికి నెట్టాడు.

"మెడల్ పోస్టులో పంపండి. ఆ షెడ్డు గురించి మీ కమిటీకి చెప్పను, మీకు చెప్పను, ఎవరికీ చెప్పను. ఈ రోజే కాదు, ఇంకెప్పుడూ మాట్లాడను."